పల్లె ఏది? పట్టణమేది?

2020వ సంవత్సరములో పల్నాటి సీమలోని గురజాల, దాచేపల్లి అను రెండు ఊళ్లు నగర పంచాయతీలుగా మారినవి. అంతకు పూర్వము ఆ రెంటిని గ్రామ పంచాయతీలు పాలించుచుండెను. ఉత్తర్వు వెలువడినంత మాత్రమున గురజాలలో కొత్త మేడలు లేవలేదు. మూటాముల్లె సర్దుకొని ఎవరును తరలిపోలేదు. మిరప చేలకు పోవువారు ఎప్పటివలెనే పోయిరి. అయినను పరిపాలన లెక్కలలో నిన్నటి గ్రామస్థులు నేడు పట్టణవాసులైరి.

పాఠ్యపుస్తకములలో దేశదేశముల గ్రామీణ జనాభా శాతములు పట్టికలుగా కనిపించును. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన అంచనాల ప్రకారము ఆఫ్రికాలోని బురుండిలో నూటికి 87 మంది, భారతదేశములో 66 మంది, చైనాలో 41 మంది, అమెరికా సంయుక్త రాష్ట్రములలో 18 మంది, బెల్జియములో ఇద్దరు మాత్రమే గ్రామవాసులు. సింగపూరులో గ్రామవాసులే లేరు. విద్యార్థి ఈ అంకెలను చూచి, కొండల ఎత్తులవలె, నదుల పొడవులవలె ఇవియు ఒకే కొలబద్దతో కొలిచినవని భావించును. అది నిజము కాదు. గ్రామీణ జనాభా అనగా మొత్తము జనాభాలో పట్టణ జనాభా పోగా మిగిలినది. ఏది పట్టణమో ప్రతి దేశము తన చట్టముచే తానే నిర్ణయించుకొనును. కాబట్టి శాతమును చదువుటకు ముందు దాని వెనుకనున్న నిర్వచనమును చదువవలెను.

మన దేశపు కొలబద్ద

భారతదేశమంతట ఒకే కాలమున జనులను లెక్కించుట 1881లో ప్రారంభమైనది. అది మొదలు 1951 వరకు పట్టణమునకు నిర్వచనము కొంత సడలుగా ఉండెను. మునిసిపాలిటీలు, కంటోన్మెంట్లు ఎట్లును పట్టణములే. అవి గాక, ఇండ్లు ఒక్కచోట కూడియుండి, 5,000 మందికి తక్కువ కాని జనాభా గల ఊరు పట్టణ లక్షణములు కలదిగా జనగణనాధికారికి తోచినచో దానిని పట్టణముగా వ్రాసెడివారు. ఒక అధికారికి పట్టణముగా తోచినది మరియొకరికి పెద్ద పల్లెగా తోచుట కవకాశముండెను.

1961 జనగణనలో ఈ సడలింపు తొలగిపోయినది. మునిసిపాలిటీ లేని ఊరు పట్టణము కావలెనన్న మూడు పరీక్షలు నెగ్గవలెను. మొదటిది, జనాభా 5,000కు తగ్గరాదు. రెండవది, చదరపు మైలుకు వేయిమందికి, అనగా చదరపు కిలోమీటరుకు సుమారు 400 మందికి, జనసాంద్రత తగ్గరాదు. మూడవది, పనిచేయు పురుషులలో నూటికి 75 మందియైనను వ్యవసాయేతర వృత్తులలో ఉండవలెను. ముఖ్యముగా ఈ మూడు పరీక్షలే 2011 జనగణన వరకు నిలిచినవి.

ఈ మార్పు ఫలితము విచిత్రమైనది. 1951–61 మధ్య రెండు పంచవర్ష ప్రణాళికలు నడచినవి. భిలాయి, రూర్కెలా, దుర్గాపూరులలో ఉక్కు కర్మాగారములు వెలసినవి. అయినను దేశములో గ్రామీణుల శాతము 82.7 నుండి 82.0కు మాత్రమే తగ్గినది. ఆంధ్రప్రదేశములో పట్టణ జనాభా శాతము రెండు పర్యాయములును 17.4 గానే ఉండెను. పట్టణములు నిజముగా ఎదుగలేదా? ఎదిగినవి. కాని 1951లో పట్టణములుగా వ్రాయబడిన సుమారు 800 ఊళ్లు క్రొత్త పరీక్షలలో తప్పి మరల గ్రామముల జాబితాలో చేరినవి. ఒకవైపు ఎదుగుదల, మరియొకవైపు క్రొత్త కొలబద్ద. రెండును కలిసి అంకెను దాదాపు కదలకుండ నిలిపినవి.

పల్నాటి సాక్ష్యము

ఊరు పట్టణమగుట, పట్టణము అంతరించుట పల్నాటికి క్రొత్త కాదు. క్రీ.శ. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నేటి మాచర్లకు సమీపమున, కృష్ణానది ఒడ్డున ఉండెను. కోట, స్నానఘట్టములు, క్రీడారంగము, బౌద్ధవిహారములు గల నగరమది. ఇక్ష్వాకుల అనంతరము దాని వైభవము నశించి, ఆ లోయ పల్లెల పాలైనది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. అటుపిమ్మట నగర శిథిలములు, పల్లెలు కూడ జలాశయములో మునిగినవి.

నరసరావుపేట కథ వేరు. పూర్వము అట్లూరు అను గ్రామమున్న చోట మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేర ఈ పేట వెలసినది. రైలుమార్గము వచ్చుటతో వ్యాపారము పెరిగి, 1915లో మునిసిపాలిటీ ఏర్పడెను. మాచర్లకు 1930లో గుంటూరు నుండి రైలు వచ్చినది. 1958లో సిమెంటు కర్మాగారము పని ప్రారంభించినది. 1983లో మునిసిపాలిటీ అయినది.

పల్నాటి నేల పొరలలో సున్నపురాయి విస్తారముగా కలదు. ఆ రాయి సిమెంటునకు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ఆధారమైనది. బట్టీలోను, క్వారీలోను, లారీల మీదను పనిచేయు పురుషుడు జనగణన భాషలో వ్యవసాయేతరుడు. కాబట్టి రాయి దొరకిన ఊరు మూడవ పరీక్షను సులభముగా దాటగలదు.

నీరు దొరకిన ఊరి సంగతి దీనికి భిన్నము. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులు పల్నాటివారి జొన్నకూటిని పరిహసించినవి. అంతటి మెట్టసీమకు 1967 ఆగస్టు 4న సాగరు కాలువలలోనికి నీరు విడుదలయినది. కుడి కాలువ క్రింద వరి, ప్రత్తి, మిరప విస్తరించినవి. సేద్యము పెరిగిన కొలది పొలములో పని పెరిగినది. అట్టి ఊరిలో జనాభా పదివేలు దాటినను, పక్కా మేడలు, సినిమాహాలు, కళాశాల వెలసినను, పురుషులలో నాలుగవ వంతు కంటె ఎక్కువమంది సేద్యములో ఉన్నంతకాలము అది గ్రామమే.

ఈ పరీక్షలో మరియొక లోపము కలదు. అది పురుషుల వృత్తినే చూచును. మిరపకాయల కోతలో ముందుండువారు స్త్రీలు. ఊరి స్త్రీలందరును చేలలో పనిచేసినను, పురుషులు బట్టీలకు, దుకాణములకు పోవుచున్నచో ఆ ఊరు పట్టణమని తేలవచ్చును.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. 2011 లెక్కల ప్రకారము ఆ జిల్లా పరిధిలో 20 లక్షలకు పైగా జనులుండిరి. వారిలో నాలుగింట మూడువంతులకు మించి గ్రామవాసులు. అప్పటి దేశ సగటు నూటికి 68.8.

ఇతర దేశముల కొలబద్దలు

డెన్మార్కులో దగ్గరదగ్గరగా కట్టిన ఇండ్లలో 200 మంది ఉన్నచో చాలును, అది పట్టణ ప్రాంతమే. ఆ నియమమును పల్నాటికి తెచ్చినచో ఇక్కడి చిన్న పల్లెలు కూడ పట్టణములగును. ఫ్రాన్సులో చిరకాలము 2,000 జనాభా హద్దుగా నుండెను. అమెరికాలో చిరకాలముగానున్న 2,500 హద్దును 2020 జనగణనకై 5,000కు పెంచిరి. జపానులో నగర హోదాకు సామాన్యముగా 50,000 జనాభా కావలెను. ఈజిప్టులో పరిపాలన కేంద్రములే పట్టణములు. నైలునది లోయలో వేలాది జనులతో క్రిక్కిరిసిన ఊళ్లు సైతము గ్రామములుగా లెక్కకు వచ్చును.

మన పొరుగు దేశములు రెండు ఈ విషయమును మరింత స్పష్టము చేయును. శ్రీలంకలో 1987లో పట్టణ సభలను రద్దుచేసి ప్రాదేశిక సభలలో కలిపిరి. అట్లు కలిసిన ఊళ్లన్నియు గ్రామీణములైనవి. 1981లో 21.5గా ఉండిన పట్టణ జనాభా శాతము 2012లో సుమారు 18కి దిగినది. జనులు పట్టణములు విడిచి పల్లెలకు పోయినందున కాదు. నేపాలులో దీనికి విరుద్ధముగా జరిగినది. 2017 నాటికి గ్రామములను కలిపి అనేక మునిసిపాలిటీలను ఏర్పరచిరి. 2011లో 17గా ఉండిన శాతము 2021 జనగణనలో 66కు చేరినది. కొండవాలున మొక్కజొన్న పండించు రైతులు పలువురు మునిసిపాలిటీ పౌరులైరి.

ఇంతమాత్రమున పట్టణముల ఎదుగుదలయంతయు కాగితము మీది మాయ యనుకొనరాదు. ఇంగ్లండు, వేల్సులలో 1851 నాటికి సగముకంటె ఎక్కువమంది పట్టణవాసులైరి. పరిశ్రమలు పల్లెజనమును నిజముగానే లాగుకొనినవి. అమెరికా ఆ మెట్టును 1920లో దాటినది. చైనాలో 1978లో 18గా ఉండిన పట్టణ శాతము 2020లో సుమారు 64 అయినది. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారము 2007 ప్రాంతమున ప్రపంచ జనాభాలో పట్టణవాసులు సగమును దాటిరి. మార్పు నిజమైనదే. దాని పరిమాణమును దేశదేశమునకు పోల్చునపుడే చిక్కు వచ్చును.

ఒకే కొలబద్ద

ఈ చిక్కును తీర్చుటకై ఐక్యరాజ్యసమితి గణాంక సంఘము 2020లో ఒక సామాన్య పద్ధతిని ఆమోదించినది. భూమిని ఒక్కొక్క చదరపు కిలోమీటరు గడులుగా విభజింతురు. చదరపు కిలోమీటరుకు 1,500 మందికి తగ్గని గడులు కలిసియుండి, మొత్తము 50,000 జనాభా ఉన్నచో అది నగరము. 300 మందికి తగ్గని గడులు కలిసి 5,000 జనాభా ఉన్నచో అది పట్టణము. మిగిలినది గ్రామము. చట్టము ఏమనినను, జనులు ఏ పని చేసినను ఈ పద్ధతికి నిమిత్తము లేదు.

ఈ కొలతతో 2025లో వెలువడిన అంచనాలలో ప్రపంచ జనాభాలో 45 శాతము నగరములలోను, 36 శాతము పట్టణములలోను, 19 శాతము మాత్రమే గ్రామములలోను ఉన్నారు. దేశముల సొంత నిర్వచనములతో వేసిన 2018 నాటి అంచనాలో గ్రామీణులు 45 శాతము. జనసమ్మర్దము గల పెద్ద ఊళ్లు క్రొత్త కొలతలో పట్టణములైనవి. ఏ కొలత సరియైనది? ఒకటి జనులెంత దగ్గరగా నివసించుచున్నారో చెప్పును. మరియొకటి వారు దేనిపై ఆధారపడి బ్రతుకుచున్నారో చెప్పును. అడిగిన ప్రశ్నను బట్టి సమాధానము.

పేరుతో పాటు మారునవి

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము గ్రామ కుటుంబమునకు సంవత్సరమునకు 100 దినముల పనిని హక్కుగా ఇచ్చినది. పట్టణ పాలక సంస్థల పరిధిలోని ప్రాంతములకు ఆ చట్టము వర్తింపలేదు. ఆ చట్టము అమలులోనున్న కాలములో పంచాయతీ మునిసిపాలిటీగా మారిన ఊరిలో కూలివానికి ఆ హక్కు పోయెడిది. దానికి బదులు మురుగుకాలువలు, కుళాయిలు, వీధిదీపములు మెరుగగునని ఆశ కలదు. దానితో పాటు పన్నులును కలవు. ఈ లాభనష్టములు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తీరుగా ఉండును.

లెక్కలో పట్టణమై, పాలనలో పంచాయతీగా మిగిలిన ఊళ్లును ఉన్నవి. మూడు పరీక్షలు నెగ్గిన ఇట్టి ‘జనగణన పట్టణములు’ 2001లో 1,362 ఉండగా 2011లో 3,894 అయినవి. పట్టణపు రద్దీ ఉండియు మునిసిపాలిటీ లేని స్థితి వీనిది.

2021లో జరుగవలసిన జనగణన ఆగిపోయి, 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా జరుగుటకు నిర్ణయమైనది. ఆ లెక్కలు వెలువడినపుడు గ్రామీణ శాతము మరికొంత తగ్గినదని పత్రికలు వ్రాయవచ్చును. ఆ తగ్గుదలలో పల్లె విడిచి పోయినవారెందరు, పల్లెలోనే ఉండి వృత్తి మార్చుకొనినవారెందరు, ఉత్తర్వుతో పేరు మారినవారెందరు అని విడదీసి చూచినపుడే ఆ అంకె అర్థమగును. ఈ పని తరగతి గదిలోనే మొదలు పెట్టవచ్చును. విద్యార్థులు తమ ఊరి జనాభాను, విస్తీర్ణమును, పురుషుల వృత్తులను సేకరించి మూడు పరీక్షలను వర్తింపజేసి చూడవలెను. తరువాత స్త్రీల వృత్తులను కూడ చేర్చి మరల లెక్క కట్టవలెను. రెండు సమాధానములు ఒకటిగానే వచ్చునో లేదో ఆ ఊరివారే తేల్చుకొనగలరు.