బలాన్ని బట్టి నియామకం

ముందే రాసిపెట్టిన విధుల జాబితాకు సరిపోయే మనిషిని వెతకకుండా, మనిషి రాణించే పనిని గుర్తించి దానికి తగ్గ చోటు ఇచ్చే పద్ధతి ఇది. 1967లో వెలువడిన 'ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్'లో పీటర్ డ్రకర్ దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు.

రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ నుంచి జహీరాబాద్ మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు దాకా పరచుకున్న సంగారెడ్డి-పటాన్‌చెరు ప్రాంతంలో కార్మికుడి గుర్తింపు ఇప్పటికీ ట్రేడే: ఫిట్టర్, టర్నర్, వెల్డర్. అయినా చేతి పరీక్ష సర్టిఫికెట్టు చెప్పనిది చెబుతుంది. ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీయించి, అంచుకు ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తారు. సందులోంచి వెలుగు తొంగిచూస్తే మూల మట్టానికి రానట్టే. ఓపిక, చూపు, చేతి పొందిక అక్కడే బయటపడతాయి.

చట్టమూ కొంత సడలింది. 1961 అప్రెంటిస్ చట్టానికి 2014లో చేసిన సవరణ, యజమానులు తామే రూపొందించుకునే ఐచ్ఛిక ట్రేడులకు అవకాశం ఇచ్చింది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, చదువుతో పని లేకుండా అనుభవంతో అబ్బిన నైపుణ్యాన్నీ పరీక్షించి ధ్రువీకరిస్తారు. పొట్ట చేతపట్టుకుని వచ్చిన వలస కార్మికులకు ఇదే ముఖ్యం.

ఒక ప్రమాదం ఉంది. విధులకు హద్దు లేకపోతే ఒకే మనిషి నెత్తిన నాలుగు పనులు పడతాయి. పని మారినా జీతం, పని గంటలు నియామక పత్రంలో స్పష్టంగా ఉండి తీరాలి.