ఉప్పెన రాకముందే అడగవలసిన మాట

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. పానిపట్టు యుద్ధాల తారీఖులు ఇప్పటికీ నోటికొచ్చు. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచెత్తిందనీ, సుమారు 30,000 మంది పోయారనీ మాత్రం మా పాఠాల్లో లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళం, మనకి సముద్రం గొడవెందుకంటారా? కోదాడ దాటి అదే రోడ్డున పోతే బెజవాడ. అక్కణ్ణించి కృష్ణ వెంట దిగితే దివిసీమ. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చేసింది. దాదాపు 10,000 మంది పోయారు. హెచ్చరికలు లేకపోలేదు. కానీ పూరిగుడిసెల్లో ఉన్నవాళ్ళు ఎక్కడానికి గట్టి మేడ ఏదీ?

1990 మే 9న కృష్ణా తీరాన్నే మరో పెను తుఫాను తాకింది. ఈసారి 6 లక్షల పైచిలుకు జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్ళు 1,000 లోపే. ఈ రెంటి మధ్యా తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి, సరుగుడు తోటలు పెరిగాయి.

బాగానే ఉంది. అయితే ఏది ఎక్కడ కావాలో చెప్పవలసిందెవరు? కట్ట ఎత్తు ఇంజనీరుకు తెలుసు. ఆ కట్ట అడ్డమై వాననీళ్ళు ఎవరి చేలో నిలుస్తాయో రైతుకు తెలుసు. సరుగుడు మొక్కలు నాటితే పడవ ఎక్కడికి లాగాలో, వల ఎక్కడ ఆరేయాలో పల్లెకారులే చెప్పాలి. మడ అడవి కొట్టి రొయ్యల చెరువు తవ్వితే లాభం ఒకరిది, అలల దెబ్బ ఇంకొకరిది.

ఇక ఆడవాళ్ళ సంగతి. అర్ధరాత్రి చంటిబిడ్డనెత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని నడవగలిగేంత దగ్గర్లో ఉందా ఆ షెల్టరు? అందులో ఆడవాళ్ళకి వేరే గది, మరుగుదొడ్డి ఉన్నాయా? గొడ్లను ఎక్కడ కట్టెయ్యాలి? ఇవి చిన్న విషయాలు కావండీ. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తుఫానుకు లక్షమందికి పైగా పోతే, వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువ.

సముద్రం మనకీ అంత దూరమేం కాదు. 2024 ఆగస్టు ఆఖర్న బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం వానకి కోదాడలో ఇళ్ళు మునిగాయి. నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువకి గండి పడింది. ఏ తూము పూడిందో, ఏ అలుగు నీళ్ళు ఎవరి వాకిట్లోకొస్తాయో ఆ వీధిలో వాకిలి ఊడ్చే మనిషికే ముందు తెలుస్తుంది.

అందుకని ఈసారి గ్రామసభో, వార్డు మీటింగో పెడితే మగవాళ్ళను పంపి ఊరుకోకండి. మీరూ వెళ్ళండి. నీళ్ళొస్తే మీ వీధివాళ్ళు ఎటు పోవాలో లేచి అడగండి.