విద్యాద్వారములు తెఱచిన వేంకటరత్నము నాయుడుగారు

మన పామఱ్ఱునుండి బందరు పోవు బాట యెల్లవారెఱిగినదే. ఆ బందరునందే 1862వ సంవత్సరమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు జన్మించిరి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, బందరు నోబిలు కళాశాలయందును, సికిందరాబాదు మహబూబు కళాశాలయందును పనిచేసి, పిదప కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులైరి.

స్త్రీలకు కళాశాలావిద్య యేలయని పెద్దలు పెదవి విఱుచు దినములలో వారు బాలికలను తమ కళాశాలలో చేర్చుకొనిరి. నాడు పంచములనబడినవారి పిల్లలకు కాకినాడలో వసతిగృహము నడపిరి. బడిలో చోటిచ్చుట యొకయెత్తు. అన్నమును, పడకయు నిచ్చుట వేఱొకయెత్తు. దూరపు వాడనుండి నడచివచ్చిన పిల్లవాడు పస్తుండినచో వానికి పాఠమేమి తలకెక్కును? ముప్పది యేండ్లు సంస్కృతము చెప్పిన నేనీ మాట యనుభవముచేతనే వ్రాయుచున్నాను. నాయుడుగారు తమ జీతమున పెద్దభాగము బీదవిద్యార్థులకే వెచ్చించిరి.

1924లో సర్ బిరుదమును, 1925లో చెన్నపురి విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవియు వారికి లభించినవి. నా లెక్కకు వానికన్న ఆ వసతిగృహమే గొప్పది. 1939లో వారు పరమపదించిరి.

మన సంఘమును వసతిగృహమునకై చందాలు పోగుచేయుచున్నది; సంతోషమే. అందు కొన్ని మంచములైనను అన్యకులముల నిఱుపేదలకు విడువుడని గతవత్సరపు సభలో నేనడుగగా కొందఱు నవ్విరి. ఈ యేటి సభలో మఱల నడుగుచున్నాను.