తేనెటీగలకు కరువుకాలపు మేత

పూలలో మకరందం, పుప్పొడి కరువైన రోజుల్లో తేనెటీగల పెట్టెలో చక్కెర పాకమో, పుప్పొడికి బదులు పిండిముద్దో పెట్టి ఈగల కుటుంబాన్ని నిలబెట్టడమే కరువుకాలపు మేత. ఐరోపా, ఉత్తర అమెరికా గ్రంథాలు దీన్ని చలికాలంతో ముడిపెడతాయి. అక్కడ మంచు నెలల్లో ఈగలు గుంపుగా ముడుచుకొని, దాచుకున్న తేనె తింటూ వెచ్చదనం కాపాడుకుంటాయి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కరువు వేళ వేరు. ఇక్కడ చలికాలంలోనూ పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది, కంది చేలు, కూరగాయల పాదులు పూతమీద ఉంటాయి. ఎండలు మొదలయ్యాక వేప, కానుగ, వాటి వెనుక చింత పూస్తాయి. ఆ పూత రాలిన నాటి నుంచి ఖరీఫ్ పైర్లు పూతకొచ్చేదాకా పెట్టెల్లో తేనె అడుగంటుతుంది. ముసురు పట్టిందంటే ఈగ గడప దాటదు. కాబట్టి ఈ ప్రాంతపు పెంపకందారుకు గండం గడవాల్సిన కాలం వానాకాలమే.

ఈగలకు మేత పెట్టడం చాలా పాత పని. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా, నీళ్లలో నలిపిన ఎండు అంజీర పళ్లు పెట్టమన్నాడు. చూపు లేని స్విస్ పరిశోధకుడు ఫ్రాంస్వా హ్యూబర్, మూసి ఉంచిన ఈగలకు తీపి మాత్రమే తినిపించినా అవి మైనం చేస్తాయని నిరూపించాడు. మైనం పుప్పొడితో తయారవుతుందన్న నమ్మకం దాంతో వీగిపోయింది; కొత్త పట్టు కట్టించేందుకు పాకం పెట్టడానికి ఆధారమూ దొరికింది. 1852లో అమెరికన్ పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ పేటెంట్ పొందిన కదిలే చట్రాల పెట్టె వచ్చాక, పట్టు చెరపకుండా నిల్వ ఎంతుందో చూసి మేత పెట్టడం సులువైంది. కానీ పాకంతో పిల్లలు పెరగవు, వాటికి మాంసకృత్తులు కావాలి. 20వ శతాబ్దంలో అమెరికాలో మికోలా హేడాక్ అనే పరిశోధకుడు సోయా పిండి, ఈస్ట్, వెన్న తీసిన పాలపొడి కలిపి ఆ లోటు తీర్చే దారి చూపాడు.

మన దేశంలో ఫాదర్ న్యూటన్ 1911–1917 మధ్య తిరుచ్చిలో పుట్ట తేనెటీగలను పెట్టెల్లో పెంచడం నేర్పాడు. ఈ ఈగ నిల్వ తక్కువ చేస్తుంది, తిండి దొరకకపోతే పెట్టె వదిలి గుంపుగా వెళ్లిపోతుంది. 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకున్న ఐరోపా తేనెటీగ అంత తేలిగ్గా చోటు మారదు గానీ దాని కుటుంబం పెద్దది, ఆకలీ పెద్దదే. 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టాక చాలామంది ఐరోపా ఈగ వైపు మళ్లారు, వానాకాలపు మేత అవసరమూ పెరిగింది. ఇదే జిల్లాలోని రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ తేనెటీగల పెంపకంలో శిక్షణ ఇస్తోంది.

పని చిన్నదే, ఓపిక మాత్రం కావాలి. రాణి ఈగ గుడ్లు పెట్టేలా ఉత్సాహపరచాలంటే చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలుపుతారు. నిల్వకైతే చక్కెర రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. కాచిన పాకం మాడకూడదు, చల్లారాకే పెట్టాలి. గిన్నెలో పుల్లలు వేస్తే ఈగలు మునిగిపోవు. పొద్దుగూకాక, పెట్టె లోపలే పెట్టాలి. పగలు ఒలికిన ఒక్క చుక్క చాలు, పక్క పెట్టెల ఈగలు వాసన పట్టి దోపిడీకి దిగుతాయి. బలహీనమైన కుటుంబం ఒక్క పూటలో ఖాళీ అయిపోతుంది. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్లకింద నీటి గిన్నెలు ఉండాలి. చౌక అని బెల్లం పాకం పెట్టడం తప్పు: అందులోని మలినాలు అరగక ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి.

మేతను ఎక్కడ ఆపాలన్నదీ అంతే ముఖ్యం. 2020 డిసెంబరులో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) తాను చేయించిన పరీక్షల ఆధారంగా తేనెలో చక్కెర పాకాల కల్తీని బయటపెట్టింది. కరువులో పెట్టిన పాకం ఈగల ప్రాణం నిలిపే మందు. పూత ఉన్నప్పుడు పెట్టి, ఆ సరుకును తేనె పేరుతో అమ్మితే అది కొనేవాణ్ణి మోసగించడమే. అందుకే పైర్లు పూతకు రాగానే గిన్నె తీసేస్తారు. చట్రాల్లో మిగిలిన పాకాన్ని ఈగలు తినేశాకే, పిల్లల అర మీద తేనె అర ఎక్కిస్తారు.