ఊరికీ వాడకీ మధ్య ఏ అడవి ఉంది?

లోకంలో ఏడు వేల దాకా భాషలున్నాయి. ఇన్నెందుకు? దేవుడి శాపమన్నారు కొందరు. అది కాదు. మనుషుల మధ్య రాకపోకలు ఎక్కడ తెగితే అక్కడ మాట చీలుతుంది. తెంపిందెవరన్నదే చరిత్రను మనం అడగాల్సిన ప్రశ్న.

మా ఎర్రుపాలెం నుంచే చూద్దాం. 1948 దాకా ఇది నిజాం రాజ్యపు అంచు. ఇటు కచేరీలో ఉర్దూ, అటు కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు. రెండు పక్కలా జనం తెలుగువాళ్లే. కానీ కాగితం మీది మాటలు వేరయ్యాయి. ఇది రాజ్యం గీసిన గీత.

1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసిన భద్రాచలం అడవుల్లోకి పోతే కోయ భాష వినబడుతుంది. కోయ, గోండి, తెలుగు ఒకే ద్రావిడ శాఖవని భద్రిరాజు కృష్ణమూర్తి తేల్చారు. కోయలో ఏరు అంటే నీళ్లు, మనకు ఏరంటే పారే నీళ్లు. ఒక్క తల్లి పిల్లల్ని కొండా కాలమూ విడదీశాయి. అయితే ఒకరికి రాజ్యం దక్కింది, ఇంకొకరికి దక్కలేదు. 2011 జనగణనలో 4 లక్షలకు పైగా జనం కోయను మాతృభాషగా రాయించుకున్నారు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దానికి చోటు లేదు.

అడవి అడ్డమొచ్చింది సరే. ఊరికీ వాడకీ మధ్య ఏ అడవి ఉంది?

ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఊళ్లో పరిశోధించి జాన్ గంపర్జ్ 1958లో దీనికి జవాబు రాశాడు. అంటరాని కులాలవాళ్లు పెద్దకులాల ఇళ్లల్లో రోజూ పనిచేస్తున్నా వాళ్ల మాట వేరుగానే ఉంది. పనికి పిలిస్తే మాట కలవదు. కలిసి కూర్చుంటే, కలిసి ఆడుకుంటే కలుస్తుంది. అంటే కులమే కొండ.

మా తాత నోట లంద, తంగేడుచెక్క, ఆరె, రంపె అన్న మాటలుండేవి. ఒక్కో మాట వెనక తోలు పదును పెట్టే ఒక్కో విద్య. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. బళ్లో ఆ మాటలు నోరుజారి అంటే క్లాసంతా నవ్వింది, పంతులూ నవ్విండు. ఆ రోజు నుంచి ఇంటి మాట ఇంట్లోనే దాచుకున్నాను.

భాష పేరుతో గీసిన రాష్ట్రంలో నేల చేతిలో ఉన్న పెద్దకులాలే ఏలతాయని అంబేద్కర్ 1955లోనే హెచ్చరించాడు. ఏలినవాళ్ల మాటే ప్రామాణికమైంది, మనది యాస అయింది.

భాషలు అనేకం కావడం తప్పు కాదు. వాటికి మెట్లు కట్టడమే తప్పు. చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ అవ్వతాతల పనిమాటలు ఇప్పుడే రాసిపెట్టండి. మన చరిత్రకు తాళపత్రాల్లేవు, ఆ మాటలే ఉన్నాయి.