దొర తుపాకి, చెంచు విల్లు: జింక వేటకి ఏ ఆయుధం చట్టబద్ధం?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట అచ్చయినప్పుడు అందులో 17వ సెక్షన్ ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. 1991 సవరణలో వేట లైసెన్సులతో పాటు దాన్నీ తీసేశారు. లేని సెక్షన్ గురించి ఇప్పుడు చర్చ ఎందుకని అడిగే మిత్రులు ఉంటారు. వేట అన్నది రాజ్యం కళ్లకి ఎట్లా కనబడిందో ఇంత సూటిగా చెప్పే కాగితం మరొకటి మాకు దొరకలేదు. అందుకే అక్కడ నుంచి మొదలుపెడుతున్నాం.

ఆ సెక్షన్ ఏం చెప్పింది? వలలు, గోతులు, ఉచ్చులు, బోన్లు, విషం, విషం పూసిన ఆయుధాలు, పేలుడు పదార్థాలతో వేటాడగూడదు. రాత్రిపూట వేటాడగూడదు. దీపం వెలుగులో కొట్టగూడదు. వాహనం మీద నుంచి కొట్టగూడదు. నీటి మడుగు దగ్గర, ఉప్పు నాకే చోట కాపుకాసి కొట్టగూడదు. పొదలకి నిప్పు పెట్టగూడదు. కొన్ని పిట్టల వేటకి తప్ప కుక్కల్ని వాడగూడదు. మరి దేంతో కొట్టాలి? 'పెద్ద వేట' జాబితాలో ఉన్న దుప్పి, కణితి లాంటి వాటిని రైఫిల్‌తోనే కొట్టాలి. లైసెన్సులో ప్రత్యేకంగా రాసి ఉంటే ఒక్క గుండు పేల్చే షాట్‌గన్ వాడొచ్చు. అంతే. విల్లు ఊసు లేదు. ఈటె ఊసు లేదు. రైఫిల్ తప్ప మరోటి వాడొద్దన్నాక వాటిని పేరుపెట్టి నిషేధించాల్సిన పని లేదు గదా!

ఇందులో కొన్ని నిబంధనలు న్యాయమైనవే అని ముందే ఒప్పుకుందాం. జీపెక్కి, పెద్ద లైటు కళ్లల్లో కొట్టి, కదలకుండా నిలబడ్డ మందని కాల్చెయ్యడం ఏ లెక్కన చూసినా దుర్మార్గమే. ఉచ్చు కూడా మంచిదేం కాదు. దానికి చూలు జింకా ఒకటే, కూనా ఒకటే. పడిన జంతువు గంటల తరబడి గింజుకుని చస్తుంది. రైఫిల్ గుండు సరైన చోట తగిలితే ప్రాణం చప్పున పోతుంది. ఈ వాదన దొరల కాలం నుంచీ ఉంది, దాన్లో నిజం ఉంది. మేం దాన్ని కొట్టిపారెయ్యం. మా ప్రశ్న వేరే. రైఫిల్ ఎవరి చేతిలో ఉంది? వల ఎవరి చేతిలో ఉంది? ఆయుధాల జాబితా రాసినవాడు మనుషుల జాబితా కూడా రాశాడా లేదా?

ఈ కథ బ్రిటిష్‌వాళ్లతో మొదలుకాలేదు. మనుస్మృతి ఏడో అధ్యాయం రాజుకి రాకూడని వ్యసనాలు చెబుతూ, కామం వల్ల పుట్టే పదింటిలో వేటని మొట్టమొదట పెడుతుంది. రాజుకి వేట సరదా, అతి చేస్తే వ్యసనం. అదే పుస్తకం పదో అధ్యాయంలో అడవి జంతువుల్ని చంపడం మేదులు, ఆంధ్రులు, చుంచులు, మద్గుల వృత్తి అని రాసింది. 'ఆంధ్రులు' అన్న మాట చూసి ఉలిక్కిపడే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. 'చుంచు' అంటే మన చెంచులేనా అన్న పండితుల వాదంలోకి మేం దిగం. మాకు కావాల్సింది ఒక్కటే. ఒకే పని ఒకడికి సరదా, ఇంకొకడికి హీనవృత్తి.

చంపడం హీనమైతే తోలు పవిత్రం ఎట్లా అయింది? ఉపనయనంలో బ్రాహ్మణ బ్రహ్మచారికి కృష్ణజింక చర్మం, క్షత్రియుడికి రురుమృగ చర్మం, వైశ్యుడికి మేకతోలు అని అదే స్మృతి రెండో అధ్యాయం విధించింది. కృష్ణజింక సహజంగా తిరిగే నేలే యజ్ఞానికి తగిన నేల, తక్కినది మ్లేచ్ఛదేశం అని కూడా అక్కడే ఉంది. కృష్ణాజినం మీద కూర్చుని జపం చేసుకునేవాడు ఆ జింకని కొట్టలేదు, వొలవలేదు, ఊనలేదు. ఆ పనులు చేసిన చేతులు ఊరి బయటే ఉండిపోయాయి. తోలు లోపలికి వచ్చింది, తోలు తీసినవాడు రాలేదు. చర్మం పని చేసిన మన తాతల చరిత్ర రాసేటప్పుడు చెప్పుల దగ్గర, మోటబొక్కెన దగ్గర ఆగిపోతున్నాం. ఈ అజినం సంగతి కూడా రాయాలి.

ఏకలవ్యుడి బొటనవేలు గురించి మనవాళ్లు చాలా రాశారు, మళ్లీ చెప్పం. పాండురాజు, దశరథుడు ఇద్దరూ వేటలో పొరపాటు చేసినవాళ్లే. ఒకడు జింకల జంట అనుకుని మునిని కొట్టాడు, ఇంకొకడు నీళ్ల చప్పుడు విని చీకట్లో బాణం వేశాడు. నీటి దగ్గర కాపుకాసి, రాత్రిపూట, కనబడని దాన్ని కొట్టడం! 17వ సెక్షన్ ప్రకారం దశరథ మహారాజు మీద మూడు కేసులు పెట్టొచ్చు. పురాణం మాత్రం ఆయన మీద జాలి పడమంటుంది.

బ్రిటిష్ కాలానికి వద్దాం. 1878లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి అటవీ చట్టం. రిజర్వు అడవిలో నిబంధనలకి విరుద్ధంగా వేటాడటం, కాల్చడం, చేపలు పట్టడం, నీళ్లలో విషం కలపడం, ఉచ్చులు పన్నడం నేరం అంది. రెండోది ఆయుధాల చట్టం. తుపాకులే గాదు కత్తులు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, విల్లంబులు కూడా 'ఆయుధాలు' అని నిర్వచించింది. విల్లు పట్టుకుంటే లైసెన్సు అడగొచ్చు. రూల్స్ కింద కొన్ని చోట్లకి, కొన్ని రకాలకి సడలింపులు ఇచ్చారు. అయితే తొలినాళ్లలో ఆ మినహాయింపులు ఎవరికి వచ్చాయో చూస్తే సంగతి తెలుస్తుంది. యూరోపియన్లకి, ఆంగ్లో-ఇండియన్లకి, రాజాలకి, పెద్ద జమీందార్లకి, 1861 నుంచీ ప్రత్యేక హక్కు ఉన్న కొడవలకి. తెల్లవాడైతే చర్మం చాలు. నల్లవాడైతే భూమో బిరుదో ఉండాలి.

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఒక మాట వాదించారు. చాతుర్వర్ణ్యం కింది వర్గాల్ని నిరాయుధుల్ని చేసింది, ఆయుధం లేకనే వాళ్లు తిరగబడలేకపోయారు అని. వేట చట్టాల్ని ఆ వాక్యం పక్కన పెట్టి చదవాలని మా అభిప్రాయం. వర్ణధర్మం చేసిన నిరాయుధీకరణకి 1878లో రాజముద్ర పడింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యవహారం నీలగిరుల్లో బాగా స్పష్టంగా కనబడుతుంది. అక్కడి దొరలు 1877లో వేట సంఘం పెట్టుకున్నారు. రెండేళ్లు తిరగకుండానే, 1879లో, నీలగిరి వేట జంతువుల, చేపల సంరక్షణ చట్టం వచ్చింది. కణితి లాంటి జంతువులకి వేట నిషేధ కాలం పెట్టారు, లైసెన్సు పెట్టారు. దొరలు కాలక్షేపానికి కొడితే 'క్రీడ', కూటికోసం కొడితే 'దొంగవేట'. ఎం.ఎస్.ఎస్. పాండ్యన్ నీలగిరుల వేట మీద రాసిన వ్యాసాలు ఈ తేడా ఎట్లా తయారైందో వివరంగా చూపించాయి. దొరల క్రీడాధర్మంలో జంతువుకి తప్పించుకునే అవకాశం ఇవ్వాలి. వల ఆ అవకాశం ఇవ్వదు కాబట్టి అది పిరికివాడి పని. మరి ఎత్తయిన మంచె మీద కూర్చుని, వందమంది చేత అడవి తోలించి, ముందుకొచ్చిన దాన్ని కాల్చితే? అదీ క్రీడే. గుర్రమెక్కి ఈటెతో అడవిపందిని పొడిస్తే గొప్ప మగతనం. ఆ ఈటె బోయవాడి చేతిలో ఉంటే సాక్ష్యం, ఠాణాలో జమచేసే వస్తువు.

తోలినవాళ్లు ఎవరు? దొరల వేట పుస్తకాల్లో వాళ్లకి పేర్లుండవు. ఎంతమంది అన్న లెక్క మాత్రం ఉంటుంది. తెలంగాణలో ఇది వెట్టిలో భాగం. దొర షికారుకి వచ్చాడంటే డప్పులు పట్టుకుని పొదలు తోలే పని మన వాడలకే పడేది. గాయపడ్డ జంతువు ముందుగా ఎదురయ్యేది మంచె మీదవాడికి కాదు, పొదలో కట్టె పట్టుకుని నడిచేవాడికి. అప్పటి న్యాయమైన వేట చర్చ అంతా జంతువుకి దక్కాల్సిన అవకాశం గురించి సాగింది. తోలేవాడికి దక్కాల్సిన అవకాశం గురించి నోరెత్తిన చట్టం మాకు కనబడలేదు.

కృష్ణకి అటూ ఇటూ ఉన్న చెంచుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. అమ్రాబాద్ వైపు నిజాం రాజ్యం, కర్నూలు వైపు మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకే జాతి, రెండు రాజ్యాల చట్టాలు. హైమెండార్ఫ్ 1943లో అచ్చువేసిన చెంచుల పుస్తకం చదివినవాళ్లకి ఒక విషయం తెలుసు. విల్లమ్ములు వాళ్ల చేతిలో ఎప్పుడూ ఉండేవి గానీ కడుపు నింపింది ప్రధానంగా గడ్డలు, దుంపలు, పండ్లు, తేనె. మాంసం అప్పుడప్పుడూ దొరికేది. విల్లుతో దుప్పిని కొట్టాలంటే చాలా దగ్గరికి పోవాలి. గాలివాటం చూసుకోవాలి. ఎక్కువసార్లు ఉత్త చేతుల్తోనే తిరిగి రావాలి. జంతువుకి అవకాశం ఇవ్వడమే క్రీడాధర్మమైతే, అది నూటికి నూరుపాళ్లు పాటించినవాడు చెంచువాడే!

అడవిలో జింకలు తగ్గింది విల్లు వల్ల కాదు. 1947 తర్వాత జీపులొచ్చాయి, బలమైన టార్చిలైట్లొచ్చాయి, పంట రక్షణ పేరుతో తుపాకులు పల్లెల్లోకి వచ్చాయి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చూడండి. ఆత్మరక్షణకి గానీ వేటకి గానీ ఇరవై అంగుళాలకి తక్కువగాని గొట్టం ఉన్న నున్నటి నాళం తుపాకికి, నిజమైన పంట రక్షణకి నోటితో మందు కూరే నాటు తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. పంట రక్షణ! పంట ఎవరిది? భూమి ఉన్నవాడిది. కాబట్టి తుపాకీ భూమి వెంటే పోయింది. భూమి లేనివాడు అదే చేలో రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా వాయించాడు. ఈ చట్టం మన పేరెత్తి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఈ తుపాకులు జింకల్ని మాత్రమే చూసి ఊరుకుంటాయా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్లం మనం. అక్కడ గొడ్డళ్లు, ఈటెలు, కత్తులే చాలాయి. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దుచేసి ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో జమచేయించాలి, అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. వేట తుపాకి, పంట తుపాకి అన్నవి వేరే ప్రపంచంలో ఉన్న వస్తువులు కావని రాజ్యానికి కూడా తెలుసన్నమాట. కార్యకర్తలు ఈ నియమాన్ని కలెక్టర్ ముందు పెట్టడం అలవాటు చేసుకోవాలి.

1991 సవరణతో చర్చ ముగిసిందని కొందరు అంటారు. జింకని ఏ ఆయుధంతోనూ వేటాడగూడదు గదా, ఇంక తేడా ఏముంది? తేడా ఉంది. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల్ని చంపిన కేసులో ఒక సినిమా నటుడికి ఇరవై ఏళ్ల తర్వాత, 2018లో, ఐదేళ్ల శిక్ష పడింది. రెండు రోజులకే బెయిల్ వచ్చింది. ఉచ్చుతో దొరికిన పిట్టలోళ్ల పిల్లాడికి అంత పెద్ద వకీలు ఎక్కడ దొరుకుతాడు? పార్ధీల్లాంటి వేట జాతుల్ని 1871 నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే నేరస్థుల్ని చేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, చేతిలో వల కనబడగానే అనుమానించే చూపు రద్దుకాలేదు.

ఇంకో రెండు చోట్లు చూడాలి. 1972 చట్టంలోనే 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కుల్ని ముట్టుకోలేదు. అంటే మినహాయింపు అసాధ్యమేం కాదు. ఇక 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తున్నానంటూ, వేటాడే, ఉచ్చు పన్నే హక్కుని మాత్రం పేరుపెట్టి మినహాయించింది. మేం ఆ హక్కు తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఇవాళ నల్లమలలో ఉన్న జింకల సంఖ్యకి అది తగదేమో కూడా. కానీ చెంచు పెద్దల్ని కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఆ వాక్యం రాసేముందు కొంత తడబడేవాళ్లు. చర్చ జరిగి ఓడిపోవడం వేరు, చర్చకే పిలవకపోవడం వేరు.

వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. 1975లో మహావీరుడి పేరుతో అభయారణ్యమైంది. మెదక్ దగ్గరి పోచారం కూడా అంతే, 1952లో. తెలంగాణ వచ్చాక 2014లో జింకే రాష్ట్ర జంతువైంది, ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక. రాజు కొట్టిన నేల కాపాడబడి పర్యాటక స్థలమైంది. చెంచులు బతికిన నేల 1983లో పులుల అభయారణ్యమైంది.

ఇప్పుడు అక్కడ అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో చెంచు యువకులు కాపలా పని చేస్తున్నారు, చాలామంది తాత్కాలిక కూలీలుగానే. అడుగుజాడ చూసి దుప్పి ఎప్పుడు పోయిందో, దాని వెనక మనిషి పోయాడా లేదా చెప్పగలరు. బయటివాళ్లు పన్నిన ఇనుప తీగ ఉచ్చులు, కరెంటు తీగలు వెతికి తీసేది వాళ్లే.