ఈదకుండా ఈత

మా వెస్ట్ మారేడ్‌పల్లి సందులో, ఎదురింటి డాబా మీద మొన్న పొద్దున్నే ఓ నల్లటి ఆకారం తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. వీధికుక్క దాన్ని చూసి గంటసేపు మొరిగింది. తీరా చూస్తే అది ఆ ఇంటి అబ్బాయి లక్షద్వీప్‌లో డైవింగ్ చేసి తెచ్చుకున్న వెట్‌సూట్. ఉప్పు పోవాలని కుళాయి నీళ్లలో జాడించి దండెం మీద ఆరేశాడు.

"అక్కడి సముద్రపు ప్రవాహంలో ఎలా ఈదావురా?" అని అడిగాను.

"ఈదలేదంకుల్. ఊరికే ఉన్నా. నీళ్లే మోసుకెళ్లాయి."

ఏటికి ఎదురీదడం గురించి గొప్పగా చెప్పుకునే భాష మనది. వాలున కొట్టుకుపోయేవాణ్ని చేతగానివాడంటాం. ఆ చేతగానితనాన్నే ఓ విద్యగా మార్చి డ్రిఫ్ట్ డైవింగ్ అని పేరు పెట్టారు. పడవకు లంగరు వేయరు. డైవర్‌ను ప్రవాహానికి ఎగువన దించేస్తారు. పగడపు గోడ ఒక భుజం పక్కన జరిగిపోతూ ఉంటుంది, రైలు కిటికీలోంచి చూసినట్టు. ప్రవాహం వేగం ఒక్క నాట్ ఉన్నా చాలు, నిమిషానికి 30 మీటర్లు నడిపిస్తుంది. ముప్పావు గంట తర్వాత పైకి తేలేది దిగినచోట కాదు, కిలోమీటరు దాటి ఎక్కడో.

గోడ వెంట సాగే ఈ ఆటకు రెండు కావాలి: నిలువుగా దిగే గోడ ఒకటి, పైకి తాడూ గొట్టమూ లేని మనిషి ఇంకొకటి. మొదటిది కోట్ల ఏళ్ల నాటిది. రెండోది దాంతో పోలిస్తే నిన్నమొన్నటిది.

ముందు గోడ సంగతి. 1836 ఏప్రిల్‌లో బీగిల్ ఓడ హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల దగ్గర ఆగింది. కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఒడ్డుకు 2,200 గజాల దూరంలో లోతు కొలిచే తాడు వదిలాడు. 7,200 అడుగుల తాడు అయిపోయింది, అడుగు తగల్లేదు. ఒడ్డున నడుముల్లోతు నీళ్లు, రెండడుగులేస్తే పాతాళం అన్నమాట. ఎండ తగిలే పైనీళ్లలోనే పెరిగే పగడాలు అంత లోతునుంచి ఎలా లేచాయి? అదే ఓడలో ఉన్న డార్విన్ 1842లో జవాబు అచ్చువేశాడు. అడుగున ఉన్నది అగ్నిపర్వతం. అది మెల్లగా కుంగుతుంది. పగడాలు ఎండకోసం ఎప్పటికప్పుడు పైకి కట్టుకుంటూ పోతాయి. కొండ మునిగిపోయాక చుట్టూ కట్టిన ప్రహరీ మాత్రం మిగులుతుంది. నమ్మనివాళ్లు చాలామందే ఉన్నారు. చివరికి 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో బోరు దించితే, 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాక అగ్నిపర్వతపు రాయి తగిలింది.

లక్షద్వీప్ గోడకు మనతో చుట్టరికం ఉంది. మారేడ్‌పల్లిలో పునాది తవ్వితే తగిలే గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల ముసలిది, దాని ఊసు వేరు. కానీ పడమరగా వికారాబాద్ దాకా పోండి. మూసీ పుట్టే అనంతగిరి కొండల దగ్గర ఎర్రమట్టి కింద నల్లరాయి కనిపిస్తుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను ముంచెత్తిన లావా అది. ఆ లావాను కక్కిన వేడిచోటు భూమి లోపల ఉన్నచోటే ఉంటే, భారత భూభాగం దాని మీదుగా ఉత్తరానికి జరిగిపోయిందని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. జరిగిన దారి పొడవునా సముద్రంలో కొండలు లేచాయి. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ ఆ వరసలోవే. ఇప్పుడు ఆ వేడిచోటు రీయూనియన్ దీవి కింద ఉంది, ఆ దీవిలోని అగ్నిపర్వతం నేటికీ లావా పోస్తూనే ఉంది. అంటే ఎదురింటి అబ్బాయి భుజం రాసుకుంటూ వెళ్లిన గోడ పునాది, వికారాబాద్ నల్లరాయికి వేలు విడిచిన చెల్లెలు.

ఇక మనిషి సంగతి. పందొమ్మిదో శతాబ్దపు డైవర్ రాగి శిరస్త్రాణం పెట్టుకుని, సీసపు బూట్లు తొడుక్కుని, సముద్రం అడుగున బరువుగా నడిచేవాడు. గాలి పైనున్న పడవలోంచి గొట్టంలో రావాలి. ప్రవాహం వస్తే గొట్టాన్ని లాగేస్తుంది. అతనికి ప్రవాహం శత్రువు. 1860ల్లో ఫ్రాన్స్‌లో రుకేరోల్, దెనెరూజ్ కలిసి వీపుకు చిన్న గాలి తొట్టి తగిలించారు కానీ గొట్టం బెడద పూర్తిగా తీరలేదు.

తీర్చింది యుద్ధకాలపు పెట్రోలు కరువు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో కార్లను గ్యాస్ మీద నడపడానికి ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు ఒక వాల్వు తయారుచేశాడు. ఇంజను ఎంత పీలిస్తే అంతే వదులుతుంది. ఇంజను బదులు మనిషి ఊపిరితిత్తులు పెడితే? నౌకాదళ అధికారి జాక్ కూస్తో వచ్చి అడిగింది సరిగ్గా అదే. 1943 ఆరంభంలో, చలిలో, పారిస్ దగ్గరి మార్న్ నదిలో దిగి చూశాడు. అడ్డంగా పడుకుంటే బాగానే ఉంది. నిలబడితే గాలి వృథాగా బుసకొట్టుకుంటూ పోయింది. తలకిందులైతే ఊపిరి అందలేదు. వదిలిన గాలి బయటికి పోయే ద్వారం, గాలి వచ్చే చోటుకన్నా పైన ఉండటంతో రెండుచోట్లా నీటి ఒత్తిడి వేరైంది. ఆ రెండింటినీ పక్కపక్కకు తెచ్చారు. ఆ వేసవిలోనే మధ్యధరా తీరంలో పని చేసింది. నా లెక్కన డ్రిఫ్ట్ డైవింగ్ పుట్టినరోజు అదే. గొట్టం తెగాకే మనిషి ప్రవాహంతో సంధి చేసుకున్నాడు.

గోడ దగ్గర ఇంకో చిక్కుంది. కింద నేల లేదు. బరువెక్కితే దిగిపోతూనే ఉంటారు. అందుకే గాలి నింపుకుని తేలిక కాగల జాకెట్లు 1960ల నుంచి రావడం మొదలయ్యాకే ఈ ఆట మామూలు జనానికి అందింది. మెక్సికోలోని కోజుమెల్, పసిఫిక్‌లోని పలావు దీనికి పెద్దబడులయ్యాయి. మన దేశంలో లక్షద్వీప్‌లోని కద్మత్ దీవిలో 1990ల్లో డైవింగ్ బడి పెట్టినవాళ్లలో యాడ్ ఫిల్ముల ప్రహ్లాద్ కక్కర్ ఒకరు.

వైజాగ్‌లో డైవింగ్ ఉంది, ఇలాంటి గోడ లేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడాలకు పడవు. మన అన్నపు గిన్నెను నింపిన మట్టే ఆ ముచ్చటకు అడ్డం పడింది. మంచి బేరమే అనుకుంటాను.

ఈదనక్కర్లేదంటే పని లేదని కాదు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగింతలు, గాలి ఖర్చూ నాలుగింతలు. గోడ అంచున నీళ్లు ఒక్కోసారి కిందికి జారతాయి; అప్పుడు పైకి తన్నుకోకుండా గోడ వదిలి పక్కకు, సముద్రం వైపు పోవాలి. అన్నిటికన్నా ముఖ్యుడు పైనున్న పడవ సరంగు. నీటి మీద బుడగలు చూస్తూ, డైవర్ వదిలిన నారింజరంగు గాలిగొట్టం నిలువుగా లేచేదాకా వెంట నడుస్తాడు. మనిషెత్తు కూడా ఉండదది, అలల మధ్య దాన్ని పట్టుకోవాలి. అబ్బాయి దాన్ని చుట్టచుట్టి నా చేతిలో పెట్టాడు. గొడుగు బరువు కూడా లేదు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ముందు ఈత, తర్వాత కొలనులో పాఠం, ఆ తర్వాత కొన్ని పదుల మామూలు డైవ్‌లు, గోడ ఆఖరున. లక్షద్వీప్‌కు పర్మిట్ ముందే తీసుకోవాలి. ఎన్నో డైవ్‌లు చేశాక రక్తంలో నైట్రోజన్ మిగిలే ఉంటుంది. చివరి డైవ్‌కీ అగత్తిలో విమానం ఎక్కడానికీ మధ్య కనీసం 18 గంటలు ఒడ్డునే కూర్చోండి.